మేనరికం మీద పడిన నింద: పుట్టుకతో రుబెల్లా ఉన్న ఒక పాప, ఆ ఇంటి ముగ్గురు ఆడవాళ్ళు

ఈ కేసు పాలమూరు ప్రాంతానిది. నేను పిల్లల డాక్టరుని. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మండలం, ఆసుపత్రుల పేర్లు వదిలేశాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు ఇంటి వివరాలు మార్చాను. సంవత్సరాలను మాత్రం మార్చలేదు. ఎవరు ఎప్పుడు పుట్టారు, రుబెల్లా టీకా ఎప్పుడు వచ్చింది అన్నది తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు.

నా దగ్గరికి వచ్చింది ఒక పాప. ఆ పాప జబ్బుకు అసలు కారణం తేలాక మాత్రం వైద్యం ఆమెతో ఆగలేదు. తల్లి రెండో గర్భం ఉంచుకోవాలా వద్దా, అప్పుడే నెల తప్పిన చిన్న కోడలిని ఏం చేయాలి, పెళ్ళికి సిద్ధంగా ఉన్న ఇంటి ఆడపిల్ల సంగతేంటి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ కారణంలోనే ఉంది.

నేపథ్యం

తల్లి 1997లో పుట్టింది. మేనబావతో పెళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెలో బిల్డింగ్ పనికి వెళ్ళేవాళ్ళు. మా వైపు ఇది కొత్త సంగతేం కాదు. కార్తీకంలో కురుమూర్తి జాతర అయ్యాక బయలుదేరడం, వానలు పడే వేళకు తిరిగి రావడం చాలా ఇళ్ళలో ఏటా జరిగేదే.

2018 ఫిబ్రవరిలో ఆమె అక్కడే నెల తప్పింది. పని దగ్గర వేసిన రేకుల షెడ్లలో నాలుగైదు రాష్ట్రాల కుటుంబాలు పక్కపక్కనే ఉండేవి. అక్కడ ఆమెను చూసిన నర్సు లేదు, కార్డు రాసినవాళ్ళూ లేరు. ఐదో నెల దాటాక ఊరికి వచ్చింది. ఏఎన్ఎం పేరు రాసుకుంది, ఐరన్ మాత్రలు ఇచ్చింది, ధనుర్వాతం రాకుండా టీటీ సూది వేసింది. నవంబరులో ప్రభుత్వాసుపత్రిలో కాన్పు. నెలలు నిండిన పాప, బరువు మాత్రం 1.9 కిలోలు. బరువు తక్కువని నవజాత శిశువుల వార్డులో కొన్ని రోజులు ఉంచి, పాలు బాగా తాగుతోందని పంపేశారు. నెలలు నిండాక కూడా ఇంత తక్కువ బరువు ఎందుకన్న ప్రశ్న డిశ్చార్జి కాగితంలో లేదు. తల్లి రక్తం తక్కువగా ఉంది కాబట్టి జవాబు అదేనని అందరూ అనుకుని ఉంటారు.

సమస్య

ఐదో నెలలో పాపను తెచ్చారు. తెచ్చింది నానమ్మ, తల్లి. పాప ఎవరి ముఖం వైపూ చూపు నిలపడం లేదని ఫిర్యాదు. కంటిపాపలో తెలుపు ఉందని నానమ్మ అంతకు ముందే గమనించి, ఊళ్ళో ఎవరో చెప్పిన చుక్కల మందు వేయించింది. తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే అక్కడ, "మేనరికం కదా, ఇలాంటి పిల్లలే పుడతారు" అని చెప్పి పంపారు. ఆ మాట ఇంట్లో బాగా పని చేసింది. వియ్యంకుల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆ సంబంధం కుదిర్చింది నానమ్మే, అదీ సొంత తమ్ముడి కూతురితో. అందుకే నా ముందు కూర్చున్నప్పుడు ఆమె తల ఎత్తలేదు.

పరీక్షలో కనిపించినవి: రెండు కళ్ళలోనూ దట్టమైన శుక్లం, కళ్ళు నిలకడ లేకుండా అటూ ఇటూ కదలడం, వయసుకు చిన్న తల, బరువు నాలుగు కిలోల పైచిలుకు. గుండె దగ్గర ఆగకుండా వినిపించే మర్మర్, అంటే మామూలుగా ఉండకూడని శబ్దం. తల వెనక స్టీలు పళ్ళెం కొట్టించాను. నా పక్కన ఉన్న నర్సు ఉలిక్కిపడింది, పాప కదల్లేదు.

మేనరికం అన్న జవాబును నేను ఎందుకు పక్కన పెట్టాను

మేనరికాల వల్ల కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ మాట నిజమే. పుట్టు శుక్లం, పుట్టు చెవుడు కూడా అలా రావచ్చు. మా జిల్లాలో మేనరికం ఎంత మామూలంటే, ఏ జబ్బు ఉన్న పిల్లవాడిని తెచ్చినా ఆ ఇంట్లో మేనరికం దొరికే అవకాశం ఎక్కువే. కాబట్టి అది ఉండటం దేనికీ రుజువు కాదు. అడిగేది ఆ ఒక్క ప్రశ్నే అయితే వచ్చే జవాబూ ఎప్పుడూ ఒక్కటే.

శుక్లం, గుండె, చెవి మూడూ కలిసి వచ్చినప్పుడు, పైగా నెలలు నిండినా బరువు తక్కువగా ఉన్నప్పుడు, మొదట తలుచుకోవలసింది కడుపులో ఉండగా సోకిన రుబెల్లాని, అంటే సన్నని దద్దుర్లతో వచ్చే ఒక వైరస్ జబ్బుని. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడు తన దగ్గరికి వరసగా వస్తున్న పుట్టు శుక్లాల పిల్లల తల్లులను అడిగి, వాళ్ళలో ఎక్కువమందికి గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చిందని గుర్తించాడు. ఆయన చేసిన పని ప్రధానంగా తల్లులను అడగడమే. నేనూ అదే చేశాను.

"కడుపుతో ఉన్నప్పుడు జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా?" అని అడిగితే లేదంది. దాంతో ఆపలేదు. మా దగ్గర ఒంటి మీద ఏం లేచినా "అమ్మ పోసింది" అంటారు, వేపాకు కట్టి ఇంట్లో ఉంచుతారు, డాక్టరు ముందు ఆ మాట ఎత్తడానికి జంకుతారు. అందుకే ప్రశ్న మార్చాను. షెడ్లలో పిల్లలెవరికైనా తట్టు లాంటిది వచ్చిందా? వచ్చిందట, వరసగా చాలామందికి. మరి నీకు? "మూడు దినాలే ఉండె సారూ. ఎండకు చెమట పొక్కులనుకున్న." కీళ్ళ నొప్పులు? అక్కడ ఆమె తలెత్తి చూసింది. వేళ్ళ కణుపులు వాచి, వారం రోజులు ఇటుకలు పట్టలేకపోయిందట. పనికి రాలేదని మేస్త్రీ కూలి కోసుకున్నాడు, అందుకే అంత బాగా గుర్తుంది.

పిల్లల్లో రుబెల్లా చాలా తేలికపాటి జబ్బు. కొంచెం జ్వరం, రెండు మూడు రోజులు సన్నని ఎర్రటి దద్దుర్లు, చెవుల వెనక బిళ్ళ కట్టడం. సోకినవాళ్ళలో చాలామందికి దద్దుర్లే రావు. పెద్దయిన ఆడవాళ్ళకు వస్తే కీళ్ళ నొప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. దద్దుర్ల కన్నా ఆ నొప్పులే గుర్తుంటాయి. పని దినాలతో లెక్క వేస్తే అప్పటికి ఆమెకు గర్భం ఎనిమిది, తొమ్మిది వారాలు. ఏప్రిల్ నెల. కన్ను, గుండె, లోపలి చెవి తయారయ్యే కాలం సరిగ్గా అదే. వైరస్ మాయ దాటి బిడ్డలోకి చేరితే కణాలు విభజన చెందే వేగం తగ్గుతుంది. అవయవం సగంలో ఆగుతుంది, బిడ్డ మొత్తంగానే చిన్నగా పుడుతుంది. గర్భం తొలి వారాల్లో సోకితే బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. నాలుగో నెల దాటాక అది బాగా తగ్గిపోతుంది, ఆ తర్వాత ఒకవేళ జరిగినా ఎక్కువగా చెవికే.

ఇక పరీక్ష. ఎవరి రక్తం తీయాలన్నది ఇక్కడ మొదటి నిర్ణయం. వైరస్ సోకిన కొత్తలో రక్తంలో తయారయ్యే యాంటీబాడీ (రక్షణ పదార్థం) ఐజీఎం, తర్వాత చాలాకాలం నిలిచి ఉండేది ఐజీజీ. తల్లికి ఐజీఎం చేసి లాభం లేదు, ఆమెకు సోకి ఏడాది అయింది. తల్లి ఐజీఎం మాయను దాటదు కాబట్టి పాప రక్తంలో అది కనిపిస్తే పాప స్వయంగా తయారు చేసుకున్నదే. అయితే వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతూ పోతుంది, ఐదో నెలలో నెగెటివ్ వచ్చినా రుబెల్లా కాదని చెప్పలేం. అలా వస్తే కొంతకాలం ఆగి ఐజీజీ చూడాలి. తల్లి నుంచి వచ్చిన ఐజీజీ అయితే నెలనెలా కరిగిపోవాలి, కరగకుండా నిలిచి ఉంటే పాపదే. అంతవరకు వెళ్ళే అవసరం రాలేదు, ఐజీఎం పాజిటివ్ వచ్చింది. గుండె ఎకోలో పీడీఏ, అంటే పుట్టగానే మూసుకోవాల్సిన రక్తనాళం తెరిచే ఉంది. శబ్దానికి చెవి, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్షలో రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం.

తట్టు, రుబెల్లా నిఘా విభాగానికి కేసు తెలియజేశాను. ఇది కాగితాల పని అని చాలామంది చేయరు. కానీ ఒక పాప ఇలా పుట్టిందంటే ఆ చుట్టుపక్కల సోకినా బయటపడని వాళ్ళు చాలామంది ఉన్నట్టే.

ఆ రోజు నానమ్మతో చెప్పిన మాట ఒకటే: "అవ్వా, ఇది మేనరికం వల్ల కాదు. పుణెలో అంటిన జబ్బు. నువ్వు చేసిన సంబంధంలో తప్పు లేదు." ఆమె నమ్మిందని అనుకోను. మళ్ళీ మళ్ళీ అడిగింది. ఈ జవాబులో ఓదార్పు ఒక్కటే కాదు, వైద్యపరంగా చాలా తేడా ఉంది. వంశపారంపర్య జబ్బయితే తర్వాతి ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉండొచ్చు. రుబెల్లా అయితే తర్వాతి బిడ్డకు ప్రమాదం దాదాపు లేనట్టే.

పాపకు చేసింది

దీన్ని క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మేము చేయగలిగింది కొంతే. హైదరాబాదులో శుక్లాలు తీశారు. రెండు కళ్ళలో దట్టమైన శుక్లం ఉంటే మొదటి రెండు నెలల్లోనే తీయాలి, లేకపోతే మెదడు చూడటం నేర్చుకోదు. ఐదో నెల దాటాక తీస్తే వచ్చే చూపు పరిమితమే. పైగా రుబెల్లా కన్నులో ఆపరేషన్ తర్వాత వాపు ఎక్కువగా ఉంటుంది, ఆ డాక్టర్లకు కారణం ముందే తెలిసి ఉండటం మేలు చేసింది. పీడీఏ మూయించారు. వినికిడి యంత్రాలు ఇప్పించి, ఎదుగుదల లోపాలున్న పిల్లలకు తొలి దశలోనే సాయం చేసే జిల్లా కేంద్రానికి (డీఈఐసీ) పంపాము. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఉంది, కానీ చూపు, గుండె, బరువు ఒక దారికి వచ్చేసరికి దానికి వయసు దాటిపోకుండా కూడా చూసుకోవాల్సిన పరిస్థితి. ఈ పాపకు ఒక్కో ఆపరేషన్‌కీ తండ్రి ఒక్కో సీజన్ కూలి వదులుకున్నాడు. టీకా ఖర్చు ఎక్కువ అనేవాళ్ళకు నేను చూపించే లెక్క ఇదే.

రెండో కోడలు: మొదట చేసింది కుదరలేదు

రిపోర్టు చేతికొచ్చిన రోజే అడిగిన ప్రశ్న: ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా? పుట్టుకతో రుబెల్లా ఉన్న పిల్లల గొంతులో, మూత్రంలో వైరస్ ఏడాది దాకా ఉండొచ్చు. ఈ సంగతి కుటుంబాలకే కాదు, ఆసుపత్రి సిబ్బందిలో కూడా చాలామందికి తెలియదు. ఉన్నారన్నారు. కొత్తగా పెళ్ళయి వచ్చిన చిన్న కోడలికి రెండో నెల దాటింది. పాపకు స్నానం పోసేది, గుడ్డలు ఉతికేది ఆమే.

ఆమెకు ఐజీజీ, ఐజీఎం రెండూ చేయించాను. రెండూ నెగెటివ్. ఇంతకుముందెప్పుడూ సోకలేదు, టీకా పడలేదు, ఇప్పటికి ఇంకా అంటలేదు. అంటే పూర్తిగా రక్షణ లేని మనిషి, అతి ప్రమాదకరమైన వారాల్లో, వైరస్ ఉన్న పాపను ఎత్తుకు తిరుగుతోంది.

ఇంటివాళ్ళు అడిగిన మొదటి మాట, "ఇప్పుడే టీకా వేసేయండి." ఇది బతికి ఉన్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా, గర్భంలో వేయం. పొరపాటున వేసినా ఆ టీకా వల్ల బిడ్డకు రుబెల్లా లోపాలు వచ్చినట్టు ఇప్పటివరకు నమోదు కాలేదు, అందుకని గర్భం తీయించాల్సిన పనీ లేదు. అయినా తెలిసి వేయకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల ఇంజెక్షన్) ఇద్దామా అని నా మిత్రుడైన ఒక గైనకాలజిస్టుతో చర్చించాను. అది తల్లిలో దద్దుర్లను అణచవచ్చు గానీ బిడ్డను కాపాడుతుందన్న భరోసా లేదు. పైగా జబ్బు కనపడకుండా పోతే మేమే మోసపోతాం. వద్దనుకున్నాము. మిగిలింది దూరం పెట్టడం ఒక్కటే.

మొదట ఇంట్లోనే వేరు గది అని చెప్పాను. అది రెండు గదుల ఇల్లు, ఒకే నీళ్ళ డ్రమ్ము, ఒకే వసారా. పాప ఏడిస్తే ఎవరు దగ్గరుంటే వాళ్ళే ఎత్తుకుంటారు. పెద్ద కోడలు పొలం పోతే పాపను చిన్న కోడలి ఒడిలోనే పెట్టి పోతుంది. రోజుల్లోనే ఆ సలహా గాలికి పోయింది. తప్పు వాళ్ళది కాదు, ఆ ఇంటికి నప్పే సలహా కాదది.

తర్వాత చెప్పింది తల్లిగారింటికి పంపమని. దీనికి నానమ్మ ఒప్పుకోలేదు. నెలలు నిండకముందే పంపితే అత్తింట్లో పడలేదని నలుగురూ అనుకుంటారని ఆమె బాధ. ఆశా కార్యకర్త ఈ ముడి విప్పింది. డాక్టరు స్కాన్ల కోసం తల్లిగారి ఊరి దగ్గరి ఆసుపత్రికి రాసిచ్చాడని ఊళ్ళో చెప్పింది. కాగితం నిజంగానే నేను రాసిచ్చాను. ఆమె వెళ్ళిపోయింది. రుబెల్లా సోకితే బయటపడటానికి మూడు వారాల దాకా పడుతుంది కాబట్టి, వెళ్ళిన మూడు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి మళ్ళీ రక్తం పరీక్షించాము. రెండుసార్లూ నెగెటివ్. నవంబరులో మంచి బరువుతో బాబు పుట్టాడు.

ఇక ఆమెకు టీకా వేయాలి. తర్వాతి గర్భానికి ముందు దొరికే ఖాయమైన అవకాశం బాలింతగా ఉన్నప్పుడే, డిశ్చార్జికి ముందు వేస్తే ఇంకా మంచిది. పాలిచ్చే తల్లికి ఈ టీకా వేయొచ్చు. నేను ఆమె కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పంపాను కూడా. పడలేదు. ప్రభుత్వ సరఫరాలో ఉన్న ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పిల్లల పేరు మీద వస్తుంది. సీసా తెరిస్తే నాలుగు గంటల్లో వాడాలి, వాడిన ప్రతి డోసుకూ లెక్క చెప్పాలి. పెద్దవాళ్ళకు వేయడానికి అక్కడి సిస్టర్‌కి ఆదేశం లేదు, ఆమెను తప్పు పట్టలేను. బయట కొనుక్కుందామంటే, సూది వేస్తే పాలు పాడవుతాయని ఇంట్లో ఎవరో అన్నారు. అందరూ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

పని చేసింది ఏంటంటే, తల్లిని పిలవడం మానేసి బాబు తేదీని పట్టుకోవడం. ఆరో వారం పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే) టీకాకు బాబును తప్పకుండా తెస్తారు. తల్లి టీకా గుర్తుండకపోయినా పిల్లవాడి టీకా మా వైపు ఎవరూ మరిచిపోరు. ఆ రోజు బాబుకు పెంటా, తల్లికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా). ఆమె అప్పటికి గర్భంతో లేదని ఖాయం, మళ్ళీ నెల తప్పే అవకాశం కూడా అప్పుడే దాదాపు లేదు. టీకా తర్వాత ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలన్న నియమం దానంతట అదే నెరవేరింది.

రెండో గర్భం, ఒక రిపోర్టు

2021లో పాప తల్లి మళ్ళీ నెల తప్పింది. భార్యాభర్తలు ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళారు. మొదటి బిడ్డ సంగతి చెప్పగానే టార్చ్ పరీక్షలు (కడుపులోని బిడ్డకు హాని చేసే రుబెల్లా లాంటి కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్షలు) రాశారు. కొన్ని రోజుల కూలి దానికే పోయింది. రిపోర్టులో రుబెల్లా ఐజీజీ ఎదురుగా బాగా పెద్ద అంకె, పక్కనే నల్లటి అక్షరాల్లో "హై" అని ఉంది. "జబ్బు ఇంకా రక్తంలోనే ఉంది, ఈ గర్భం తీయించుకోండి, తర్వాత మందులు వాడి ప్రయత్నించండి" అన్నారట. మాత్రల చీటీ కూడా రాసిచ్చారు.

నా దగ్గరికి వచ్చేసరికి గర్భం తీయించుకోవడానికి తేదీ కూడా అనుకుని ఉన్నారు. నన్ను అడగడానికి వచ్చింది అది కాదు, తీయించుకుంటే ఆమెకు ప్రమాదమా అని.

నేను చూసింది రెండు గీతలు. ఐజీఎం నెగెటివ్. ఐజీజీ పాజిటివ్. ఐజీజీ 10 యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టే లెక్క. అది 20 ఉన్నా 300 ఉన్నా అర్థం మారదు, పెద్ద అంకె ఉన్నంత మాత్రాన పెద్ద జబ్బు కాదు. ఈ తల్లికి 2018లో రుబెల్లా వచ్చింది. దానికి సాక్ష్యం ఏ ల్యాబ్ కాగితం కన్నా బలమైనది, ఆమె ఒడిలోనే కూర్చుని ఉంది. ఒకసారి వచ్చిన రుబెల్లా మళ్ళీ సోకి బిడ్డకు హాని చేయడం చాలా అరుదు. ఆ రిపోర్టు చెప్తున్నది ఈ బిడ్డకు రక్షణ ఉందని. చదివినవాళ్ళు తలకిందులుగా చదివారు.

ఐజీజీ అవిడిటీ అనే ఇంకో పరీక్ష ఉంది. సోకింది ఈ మధ్యనా, పాతదా అని తేల్చడానికి పనికొస్తుంది. ఐజీఎం పాజిటివ్ వచ్చి, దద్దుర్లు లేక, ఎవరినీ తాకిన ఆనవాలు లేక సందిగ్ధంలో ఉన్నప్పుడు అది లేకుండా గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఐజీఎం తప్పుడు పాజిటివ్‌లు తక్కువేం కాదు. పైగా సోకిన చాలా వారాల వరకు అది పోదు. ఇక్కడ మాత్రం ఆ పరీక్ష రాయలేదు. ఏ ఫలితం వచ్చినా నా సలహా మారదు, అలాంటప్పుడు ఇంకో రెండు రోజుల కూలి ఎందుకు పోగొట్టాలి? ఏ లక్షణమూ లేని గర్భిణికి టార్చ్ ప్యానెల్ మొత్తం రాయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం. ఆ కాగితాల భయంతో ఆరోగ్యంగా ఉన్న ఎన్ని గర్భాలు పోయాయో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇదంతా వివరంగా చెప్పాను. భర్త తల ఊపాడు. మరుసటి రోజు ఫోన్ చేసి, "అయినా తీయించుకుంటే మంచిదేమో సారూ" అన్నాడు. నా వివరణ తప్పు కాదు, వాళ్ళ భయానికి సరిపోలేదు అంతే. వాళ్ళకు కావలసింది ఐజీజీ పాఠం కాదు, బిడ్డ బాగుందని ఎవరైనా చూపించడం. అందుకని గైనకాలజిస్టుతో మాట్లాడి ఒక దారి పెట్టాము. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్) దాకా ఆగండి, అందులో కళ్ళు, గుండె, ఎదుగుదల చూపిస్తాం, అప్పటికీ మీకు అనుమానం ఉంటే చట్టం ఇచ్చిన గడువు ఇంకా ఉంటుంది. రుబెల్లా హానిలో చెవుడు స్కాన్‌లో కనపడదు, ఆ మాట దాచలేదు. కానీ ఆగడానికి ఒక తేదీ దొరికింది. ఆ తేదీ వరకు గర్భం నిలబడింది. స్కాన్‌లో గుండె నాలుగు గదులు, రెండు కళ్ళు, వారాలకు తగ్గ ఎదుగుదల చూశాక మళ్ళీ ఆ మాట రాలేదు. బాబు 2.9 కిలోలతో పుట్టాడు. పుట్టిన వెంటనే టార్చి లైటు వేసి రెండు కళ్ళలో ఎర్రటి మెరుపు చూశాను, వినికిడి పరీక్ష చేయించాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. నానమ్మ ఆ రోజు తన తమ్ముడికి ఫోన్ చేసింది.

ఇంటి ఆడపిల్ల

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకా ప్రచారం జరిగింది. 9 నెలలు నిండిన పిల్లల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లల దాకా బడుల్లో, అంగన్వాడీల్లో వేశారు. ఆ తర్వాత 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి పిల్లల టీకాల పట్టికలో చేరాయి. పాప తల్లికి తమ్ముడు ఉన్నాడు, అప్పుడు ఎనిమిదో తరగతి. వాడికి బడిలో వేశారు. అక్కకు అప్పటికి ఇరవై ఏళ్ళు. ఇద్దరిలో రుబెల్లా వల్ల నిజంగా నష్టపోగలిగింది అక్క.

ప్రచారాన్ని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. వైరస్ తిరిగేది పిల్లల్లో, అక్కడ ఆపితేనే గర్భిణులకు చేరదు. అరకొరగా వేస్తే మాత్రం ఇంకో ముప్పు ఉంది. అంతకుముందు చాలా ఏళ్ళపాటు ఎంఎంఆర్‌ను డబ్బున్నవాళ్ళు ప్రైవేటులో వేయించుకునేవాళ్ళు. అలా కొందరికే పడితే వైరస్ తిరగడం తగ్గుతుంది గానీ ఆగదు. చిన్నప్పుడే సోకి రక్షణ పొందాల్సిన ఆడపిల్లలు అది సోకకుండానే పెళ్ళి వయసుకు వస్తారు. గ్రీస్‌లో అలా తక్కువ మందికి టీకా పడుతూ వచ్చి, 1993లో గర్భిణుల్లోకి రుబెల్లా పాకి లోపాలతో పిల్లలు పుట్టారు. పిల్లలందరికీ వేయడం, పెద్దయిన ఆడవాళ్ళలో మిగిలిపోయిన వాళ్ళను పట్టుకోవడం రెండూ కలిసి నడవాలి. 2002 మధ్యకు ముందు పుట్టిన మన ఆడవాళ్ళు ఆ మిగిలిపోయిన వాళ్ళే. పుణెలో ఆ తల్లికి సోకింది కూడా అక్కడి ప్రచారం ఇంకా మొదలవకముందు. అక్కడ అది 2018 నవంబరులో మొదలైంది, సరిగ్గా పాప పుట్టిన నెలలో.

ఇక ఇంటి ఆడపిల్ల, అంటే పాప తండ్రి చెల్లెలు, 2000లో పుట్టింది. 2021 కార్తీకంలో జాతర అయ్యాక పెళ్ళి అనుకున్నారు. ఆమె కూడా భర్తతో బొంబాయి వైపు వెళ్తుంది. టీకా మాట ఎత్తితే నానమ్మ వద్దంది. పెళ్ళికాని పిల్లకు గర్భం సూది ఏంటని, పిల్లలు పుట్టకుండా పోతారని. 2017లో కూడా ఇలాంటి మాటలు ఫోన్లలో తిరిగాయి. నేను శాతాలు చెప్పి చూశాను, ఆమెకు అవి అక్కర్లేదు. అదే ఏడాది ఊరంతా వరసలో నిలబడి కోవిడ్ టీకా వేసుకున్నారు కాబట్టి పెద్దవాళ్ళకు టీకాలేంటన్న ప్రశ్న మాత్రం పోయింది. మిగిలిన భయాన్ని పోగొట్టింది పెద్ద కోడలు. తన పాపను ఆడబిడ్డ ఒడిలో పెట్టి, అత్త ముందే, "నేను ఆ సూది వేసుకుని ఉంటే ఇది నీ మాట వినేది" అంది. ఇది నాకు తర్వాత ఆడబిడ్డ చెప్పింది.

ముందు ఐజీజీ చేసి చూసి వేయాలా అన్నది చిన్న ప్రశ్న. చేయలేదు. పరీక్ష ఖరీదు టీకా ఖరీదు కన్నా ఎక్కువ, రక్షణ ఉన్నవాళ్ళకు మళ్ళీ వేసినా హాని లేదు. పరీక్షకు ఒకసారి, ఫలితానికి ఒకసారి, టీకాకు ఒకసారి రమ్మంటే మధ్యలో ఎక్కడో ఆగిపోతారు. నెలసరి తేదీ అడిగి, గర్భం లేదని నిర్ధారించుకుని, స్టెరాయిడ్లు గానీ రోగనిరోధక శక్తి తగ్గించే మందులు గానీ వాడటం లేదని చూసుకుని అదే రోజు వేశాను. రుబెల్లాకు ఒక్క డోసే చాలావరకు జీవితాంతం కాపాడుతుంది. ముహూర్తానికి నెల కన్నా ముందే పడేలా తేదీ చూసుకున్నాం. పెళ్ళి పనుల్లో చీరలు, బంగారం, పెట్టుబడికి తేదీలు రాసుకునే కాగితంలోనే ఇది కూడా రాసుకోమని చెప్పాను, రాసుకున్నారు.

ఇప్పుడు చేస్తున్నది

9 నెలల ఎంఆర్ టీకాకు బిడ్డను తెచ్చిన ప్రతి తల్లినీ మా దగ్గర పుట్టిన సంవత్సరం అడుగుతాము. 2002కి ముందు అయితే ఎంఎంఆర్ పడిందా, మళ్ళీ గర్భం వచ్చే అవకాశం ఉందా అని రెండో ప్రశ్న. ఇంట్లో పెళ్ళికి ఉన్న ఆడపిల్లలు ఉన్నారా అని మూడోది. దీనికి అదనపు సిబ్బంది అక్కర్లేదు, తూకం వేసే సిస్టరే అడుగుతుంది. వలస వెళ్ళే ఇళ్ళ విషయంలో జాతర ముందు నెలల్లో ఇంకాస్త గట్టిగా అడుగుతాము, ఆ తర్వాత మళ్ళీ జూన్ దాకా దొరకరు.

అడగడం సులువే. ఆ తర్వాత టీకా ఇంకా బయటి షాపులో కొనాల్సిందే, కొన్ని వందల రూపాయలు. భర్తను అడిగి వస్తామని వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చేవాళ్ళు తక్కువ. అందుకని ఈ మధ్య చీటీ తల్లి పేరు మీద రాయడం మానేసి, బిడ్డ టీకా కార్డులోనే తర్వాతి తేదీ పక్కన రాస్తున్నాము. వచ్చేవాళ్ళు కొంచెం పెరిగారు.